అక్బర్ బీకి వచ్చిన సున్నా

నీడపట్టు సంస్థకు విలువలున్నాయన్న సంగతి పదకొండేళ్ళుగా ఎవరికీ తెలియదు. కొత్త మేనేజరు రామ్మోహనరావు వచ్చి చెప్పాకే తెలిసింది. అవి అయిదట. కరుణ, గౌరవం, నిబద్ధత, పారదర్శకత, సమభావం. పద్మారావు నగర్‌లోని ఆ మూడు గదుల ఆఫీసులో గోడ ఖాళీ దొరికిన ప్రతిచోటా, బాత్రూము తలుపుకు లోపలివైపు కూడా, వాటి పోస్టర్లు వెలిశాయి.

అంతకుముందు అక్కడివాళ్ళకు తెలిసింది ఒకటే పని. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పుళ్ళకు కట్లు కట్టడం, ఒళ్ళు తుడిచి పక్క మార్చడం. అందరికంటే ముందునుంచీ ఆ పని చేస్తున్నది అక్బర్ బీ. మూడు నెలల కింద చేరిన ఫెయిత్‌కు నేర్పుతున్నదీ ఆవిడే. నేర్పడమంటే తిట్టడమే. మొదటిరోజు రెజిమెంటల్ బజార్‌లో ఒకరింట్లో ఫెయిత్ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆవిడ అక్కడ పల్లెత్తు మాట అనలేదు. సందు దాటాక మొదలుపెట్టింది.

"ఆయన కాళ్ళు పడిపోయినయ్ గని కండ్లు మంచిగనే ఉన్నయ్. ఇంకోసారి గిట్ల చేసినవంటే ఆ చున్నీతోనే నీ నోరు కడ్త."

సోమవారం సిబ్బందికి పరీక్ష పెట్టారు. ఇరవై మార్కులు, ఒకటే ప్రశ్న: "మన సంస్థ విలువలు అయిదింటిని వ్రాసి, వివరింపుము." అక్బర్ బీకి తెలుగు మాట్లాడడమే వచ్చు, రాయడం రాదు. ఆవిడ చెబితే ఫెయిత్ రాయాలి.

"ఏమడిగిండ్రు బిడ్డా?"

"మన దగ్గర విలువైనవి అయిదు చెప్పాలట ఖాలా," అంది ఫెయిత్, పిన్నిని పిలిచినట్టు.

"అయిదేనా?" అని ఆవిడ వేళ్ళు మడవసాగింది. "రాయి. గ్లోరియమ్మకు చెవులు వినరావు. తలుపు కొట్టొద్దు, కిటికీల నుంచి చెయ్యి ఊపాలె. తుకారాంను ఎడమపక్కకు జెర మెల్లగ తిప్పాలె, పక్కటెముక విరిగున్నది. డాక్టరు చీటీల గా ముచ్చట లేదు. జాన్ సాహెబ్‌కు సిగ్గు. ఒళ్ళు తుడిచేటప్పుడు కోడండ్లను బయటికి పంపాలె. కాంతమణి ముందుగాల ప్రార్థన చేసుకుంటది, అయ్యేదాంక సంచి సుత తెరవొద్దు. యూసుఫ్ వాళ్ళమ్మ చాయ్ ఇస్తది, తాగాలె. తాగకుంటే మనకు అసయ్యమనుకుంటది."

ఫెయిత్ పెదవి కొరుక్కుంది. కిటికీ అవతల ముసలామె, ఇవతల అక్బర్ బీ, ఇద్దరూ రైలు కదిలినట్టు చేతులూపుకోవడం తలుచుకుంటే నవ్వు ఆగలేదు. పోస్టరు మీది అయిదు మాటలూ తనకు కంఠతా వచ్చు. సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పిన పిల్ల. అవే రాసేస్తే సరిపోయేది. తమాషాగా ఉంటుందని, చెప్పింది చెప్పినట్టు రాసింది.

బుధవారం మార్కులొచ్చాయి. ఫెయిత్‌కు ఇరవై. అక్బర్ బీకి సున్నా.

రామ్మోహనరావు ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టాడు. "అక్బర్ బీ గారు సంస్థ విలువలతో ఇంకా మమేకం కాలేదు. ఒకటో తారీఖు నుంచి కాప్రా గోడౌనులో దూదీ, బ్యాండేజీలూ చూసుకుంటారు. ఆవిడ ఇళ్ళన్నీ ఫెయిత్‌కు. ఇది పనిష్మెంట్ కాదమ్మా, డెవలప్‌మెంట్."

"గోదాంల ఎవలకు కట్టాలె సార్ పట్టీలు? అట్టడబ్బాలకా?" అని అక్బర్ బీ లేచి వెళ్ళిపోయింది.

ఫెయిత్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. పాలు పొంగితే పొయ్యిని తిడతాం గానీ, చూస్తూ నిలబడ్డది మనమే కదా. ఆ సంగతి తెలిసేసరికి మంట రెట్టింపయింది.

"సార్, తప్పు నాది. ప్రశ్న నేనే తప్పుగా చెప్పాను."

"సరిగ్గా చెప్పినా ఆవిడకు తెలియదుగా."

"మీరా కాగితం చదివారా?"

"కీ ప్రకారం దిద్దాం."

"కోడళ్ళను బయటికి పంపి ఆయన ఒళ్ళు తుడవడం గౌరవం కాకపోతే, మీరు గోడకు అంటించిందేంటి సార్? నేను బట్టీ పట్టాను. అదీ బాత్రూములో! ఎదురుగా అదే కనపడుతుంటే ఏం చేయను?"

"వాయిస్ తగ్గించు. నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు."

ఫెయిత్ బల్ల మీది తన జవాబు కాగితం లాక్కుంది. అయిదు విలువలనూ అడ్డంగా కొట్టేసింది. కింద, తను చూసే ఇళ్ళవాళ్ళ గురించి రాసింది: "హదస్సమ్మకు దుప్పటి కప్పేముందు చెప్పాలి, లేకపోతే ఉలిక్కిపడుతుంది. నోవహు గారిని బాగున్నారా అని అడగకూడదు." మూడోది ఎంత ఆలోచించినా తట్టలేదు. మూడు నెలలకు రెండు. దానికీ ఒళ్ళు మండింది.

"దిద్దండి సార్. దీనికీ సున్నా వేసి నన్నూ కాప్రా పంపండి."

సంతకం కోసం గుమ్మంలో నిలబడ్డ డ్రైవరు పర్వతాలు గొంతు సవరించుకున్నాడు. "నా కాగితం సుత ఇయ్యిండ్రి సార్. గా పదిహేను మార్కులు నాయి కావు. ఫెయిత్ మేడంది చూసి రాసిన."

"అందరూ గోడౌనుకు పోతే ఇళ్ళకు ఎవరు పోతారయ్యా?"

"నేనడిగింది గదే కద సార్." సంచి భుజాన వేసుకుని అక్బర్ బీ వాకిట్లో నిలబడి ఉంది. "మీ లొల్లిల పదకొండయింది. తుకారాం రాత్రి సంది ఒకే పక్కన పండుకొని ఉన్నడు. పర్వతాలూ, బండి తియ్యి. ఏందీ బిడ్డా గట్ల చూస్తున్నవ్? నడువ్!"

రామ్మోహనరావు బదిలీ ఆర్డరు కాగితాన్ని కాసేపు చూసి, "తర్వాత మాట్లాడదాం" అంటూ డ్రాయరులో పెట్టాడు. ఆ డ్రాయరులోకి వెళ్ళిన కాగితం మళ్ళీ బయటికి రాదని ఆఫీసంతటికీ తెలుసు.

బండి మెయిన్ రోడ్డెక్కాక ఫెయిత్ అంది: "ఖాలా, నాకు అసలు జవాబులు తెలుసు. నవ్వులాటకు అట్లా రాశాను."

అక్బర్ బీ సంచి ఒళ్ళోకి లాక్కుంది. రోడ్డు వైపే చూస్తూ, "ఎవల మీద నవ్వినవ్? నా మీదనా, వాళ్ళ మీదనా?" అంది.

ఫెయిత్ చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

"నా మీదైతే మాఫ్ చేసిన. వాళ్ళ మీదైతే నా పక్కన కూసోకు. దిగి నడిచి రా."

ఎండ చుర్రుమంటోంది. తుకారాం ఇల్లు ఇంకా కిలోమీటరున్నర.

"పర్వతాలూ, బండాపు," అంది ఫెయిత్.

బండి ఆగింది. ఫెయిత్ దిగి నడక మొదలుపెట్టింది.