ముల్లు తీసిన మాట

పొద్దున డాక్టరు రౌండు ముగించుకుని వెళ్ళగానే, ఎప్పటిలాగే వార్డులోని ఆడవాళ్ళంతా నర్సు కాంతమణి చుట్టూ మూగారు. "సిస్టరమ్మా, సారు ఏమన్నడు?" డాక్టరు చెప్పేది ఆయన చెబుతాడు, జనానికి ఎక్కేది కాంతమణి చెప్పిందే. ఇరవై ఆరేళ్ళుగా అంతే. పసిపిల్లకు చేపముక్క పెట్టినట్టు, ముల్లు తీసి మరీ చెబుతుంది. తన భర్త కాలేబు పోయిన రోజున ఒక డాక్టరు నడుస్తూ నడుస్తూనే "ఎక్స్‌పైర్ అయ్యాడమ్మా" అని పోయాడు. ఆ మాట ఆమెకింకా గుచ్చుకుంటూనే ఉంది. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టకపోయినా, ఆమె ఎన్నడూ ఎవరినీ విసుక్కోలేదు.

ఈ వేళ కుర్ర డాక్టరు ఆశీష్ ఆమెను పక్కకు పిలిచాడు. "ఏడో బెడ్ హరికిషన్‌కు ఇవాళ గడవడం కష్టం సిస్టర్. భార్యకు చెప్పాను, తలూపింది గానీ అర్థమైనట్టు లేదు. మీరు స్పష్టంగా చెప్పండి. ఆమె ఇక్కడే ఉండాలి."

స్పష్టంగానట! నిన్నగాక మొన్న తెల్లకోటు తొడిగిన పిల్లాడికేం తెలుసు, అనుకుంది కాంతమణి.

హరికిషన్ భార్య దేవమ్మ మూడు రోజులుగా బెడ్ పక్కన స్టూలు మీదే ఉంది. జుట్టు అట్టలు కట్టింది, కళ్ళు పీక్కుపోయాయి. "అక్కా, మా ఆయనకు జెర నయమేనా? మస్తు పరేషాన్ అయితున్నది."

ఆ మొహం చూశాక కాంతమణికి నిజం చెప్పబుద్ధి కాలేదు. "దేవుడున్నాడమ్మా. నువ్వు ఇంటికి పోయి, స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని రా. నేను చూసుకుంటాగా," అంది.

దేవమ్మ కళ్ళు తుడుచుకుని తిరుమలగిరి బస్సెక్కింది.

పదకొండున్నరకు హరికిషన్ కళ్ళు తెరిచాడు. "మా దేవమ్మ ఏది?"

"వస్తోందయ్యా, దారిలో ఉంది."

దేవమ్మకు మూడుసార్లు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అతను తలుపు వైపే చూస్తున్నాడు. కాంతమణి అతని చెయ్యి పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టింది. అది ముగిసేలోపే అతని ఊపిరి ఆగింది.

ఒంటిగంటకు దేవమ్మ తలంటుకుని, బొట్టు పెట్టుకుని వచ్చింది. తెర తీసి చూసింది. ఏడవలేదు. కాంతమణి వైపు తిరిగింది.

"నువ్వే పొమ్మంటివి గదక్కా."

అయ్యో, ఎంత పని చేశాను! ఆ చివరి గంట దేవమ్మది. జాలి పేరు చెప్పి తానే లాక్కుంది. డాక్టరు ఆశీష్ అక్కడే నిలబడి, తల వంచుకుని కేస్‌షీటు రాసుకుంటున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది కాంతమణికి.

సాయంత్రం శవాన్ని తీసుకుపోయాక, ఏడో బెడ్ పక్క స్టూలు మీద ఒక కవరు మిగిలింది. అందులో, డిశ్చార్జి రోజున తొడగాలని దేవమ్మ ఇస్త్రీ చేయించి తెచ్చిన నీలిగీతల చొక్కా, మడత నలగకుండా.