చెత్త ఫోల్డర్

పెళ్లిచూపుల్లో విమలకు పది నిమిషాల్లో సరేనన్న ఇస్సాకుకు, పాత కంప్యూటర్‌లో విండోస్ తీసేసి ఏ రకం లినక్స్ వేయాలో తేల్చుకోవడానికి నెల పట్టింది. చివరికి మింట్ అన్నాడు. కావలసినవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేశాననీ, ఇక డిస్కు తుడిచేయడమే తరువాయి అనీ చెప్పాడు.

విమల చేతిలో గరిటె ఆగింది. గొంతు ఆపరేషన్‌కు ముందు భర్త పాడిన పాటలను ఆమె చాటుగా రికార్డు చేసి, ఎవరూ తెరవకుండా 'చెత్త' అని ఫోల్డర్‌కు పేరు పెట్టి ఆ కంప్యూటర్‌లోనే దాచింది.

"ఏమయ్యా, చెత్త గిట్ల ఎక్కించినవా?" అంది, ఏమీ పట్టనట్టు.

"గదే ఫస్ట్ ఎక్కించిన," అన్నాడు ఇస్సాకు బొంగురు గొంతుతో. "పోయినేడే విన్న. నా పాట కంటే నీ కుక్కర్ విజిళ్లే ఎక్కువున్నయ్."

"అయితే ఇంకో కాపీ తియ్యి," అంది విమల. "మంచి కుక్కరది."