సీసాలో పచ్చపురుగు

తుంటికి ఆపరేషన్ అయినప్పటినుంచి నేను ఈ నాలుగో అంతస్తులో ఖైదీని. లిఫ్టు చచ్చి ఊరుకుంది. బాగుచేసేవాణ్ణి ఎప్పుడడిగినా రేపంటాడు. మా అబ్బాయి మందుల షాపు నడుపుతాడు, అందుకని తనే డాక్టరనుకుంటాడు. "మెట్ల జోలికి పోకమ్మా, పడితే మళ్ళీ మొదటికొస్తుంది. నీ మంచికే చెప్తున్నా," అని పొద్దస్తమానం ఒకటే పాట. గేటు పక్కన గన్నేరు చెట్టు కింద కాసేపు కూర్చోవాలని నా ప్రాణం కొట్టుకుపోతోంది. అంతకుమించి నేనేం అడిగాను?

ఓ రోజు బాల్కనీ కుండీలోని నందివర్ధనం మీద బొటనవేలంత పచ్చపురుగు కనిపించింది. తోక మీద బుల్లి కొమ్ము, మెడ దగ్గర కళ్ళలాంటి రెండు నీలం మచ్చలు. మా వాడు చూశాడంటే దాని పని అయిపోయినట్టే. గాజుసీసాలో వేసి, మూతకు చిల్లులు పొడిచి, రోజూ ఆకులు పెట్టాను. "బయట కాకులున్నాయి. ఇక్కడే పడుండు, నీ మంచికే," అన్నాను. మాట్లాడ్డానికి ఓ ప్రాణి దొరికింది, అదే పదివేలు.

కొరికేసిన ఆకులు చూసి మా వాడు కుండీలన్నిట్లోనూ పురుగుమందు పోశాడు. ఆ రోజే పురుగు తిండి మానేసింది. ఒళ్ళు గోధుమరంగుకు తిరిగింది. సీసా గోడ వెంబడి ఒకటే తిరుగుడు. మందే తగిలిందనుకుని ఏడుపొచ్చింది. పక్కింటి టీచరమ్మను పిలిచాను.

"జబ్బూ లేదు, ఏమీ లేదు పిన్నిగారూ. ఇది హాక్‌మాత్ అనే పెద్ద చిమ్మట పిల్ల. ఎదిగింది కదా, చెట్టు దిగే వేళయింది. ఎండుటాకుల కింద దూరి ప్యూపా అవుతుంది. రెక్కలొచ్చాక గాల్లో నిలబడి పువ్వుల్లో తేనె తాగుతుంది. ఇలా ఇవ్వండి, కింద వదిలేస్తా."

ఇస్తానా నేను? "మీకెందుకమ్మా శ్రమ," అని సాగనంపాను.

సీసా కొంగున కట్టుకుని, చంటిపిల్లలా ఒక్కో మెట్టూ కూర్చుని జారుతూ దిగాను. నొప్పి ప్రాణం తోడేసింది. అయినా నవ్వాగలేదు. గన్నేరు కింద మూత తీశాను. వెనక్కి తిరిగి చూస్తుందేమోననుకున్నా. ఎక్కడ! ఎండుటాకుల్లోకి చక్కా పోయింది. నేను గట్టు మీద చతికిలబడ్డాను. ముఖం మీద ఎండ పడింది. అబ్బ, ఎంత హాయి!

భోజనానికొచ్చిన మా వాడు నన్ను చూసి కొయ్యబారిపోయాడు. పురుగు సంగతంతా చెప్పాను. నన్ను వీపున ఎక్కించుకున్నాడు. మూడో అంతస్తు దాటుతుంటే వాడి ఒళ్ళు వణికింది. ఏడుస్తున్నాడు వెధవ.

మర్నాడు షాపుకు వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "బయట తాళం వేస్తున్నానమ్మా, నీ మంచికే," అన్నాడు నా ముఖం చూడకుండా.

"అలాగే నాయనా. రెండు ఆకులు పెట్టి వెళ్ళు."

తలుపు సగం మూసి మళ్ళీ తెరిచాడు. తర్వాత తాళం వేశాడు.