ఏడు దోసిళ్ళు

నా పేరు దేముడమ్మ. నేను బాప్తిస్మం తీసుకున్న రోజున అప్పటి మిషను దొరసాని గారు పేరు మార్చుకుంటావా అని అడిగారు. మరియమ్మ, మార్తమ్మ, ఏది కావాలంటే అది పెడతామన్నారు. ఉన్న పేరులోనే దేముడున్నాడు కదమ్మా, మళ్ళీ కొత్తది దేనికి అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఆ మాట మా సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పేరులో ఉన్నవాడు మనసులోకి దిగడానికి ఎన్నేళ్ళు పట్టిందో మాత్రం ఎవరికీ తెలియదు. అది నేనే చెప్పాలి.

మాది నెల్లిమర్లకు కూతవేటు దూరంలో ఉన్న పేట. మగవాళ్ళు సగం మంది జనపనార మిల్లుకు పోతారు, ఆడవాళ్ళం పొలం పనులకు పోతాం. పెంకుల మందిరం ఒకటి, ముప్ఫై గడపల సంఘం. మందిరంలో ఒక మూల చెక్క పెట్టె ఉంటుంది. అది బియ్యం పెట్టె. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, బియ్యం కడగకముందే ఒక గుప్పెడు తీసి ప్రభువు పేరిట పక్కన పెట్టడం మా ఆడవాళ్ళ ఆచారం. వారం పొడుగునా తీసినవి ఆదివారం తెచ్చి ఆ పెట్టెలో పోస్తాం. పెట్టె మూతి మీద గుడ్డ కప్పి ఉంటుంది. గుడ్డ కిందనుంచి చెయ్యి పెట్టి పోయాలి. ఎవరు ఎంత పోశారో పక్కవాళ్ళకు తెలియకూడదు. ఆ బియ్యం మళ్ళీ దిక్కులేనివాళ్ళకు, మంచాన పడ్డవాళ్ళకు పోతుంది. మనిషికి వారానికి ఏడు దోసిళ్ళు. కొలవడానికి మానికలూ తవ్వలూ లేవు. చేత్తో ఇచ్చింది చేత్తోనే పంచాలని పెద్దలు పెట్టిన పద్ధతి.

ఆ పంచే చేతులు నావి. పెట్టె తాళంచెవి పద్దెనిమిదేళ్ళుగా నా కొంగున ఉంది. నా నోరు చెడ్డదని అందరికీ తెలుసు, నా దోసిలి పెద్దదని కూడా తెలుసు. కరువు పడి చోడి అంబలి కూడా కరువైన రెండేళ్ళూ ఎవరికీ ఒక గింజ తగ్గించలేదు. నేను మాత్రం ఆ పెట్టెలోంచి ఏనాడూ తీసుకోలేదు. పస్తున్నాను గాని కొంగు పట్టలేదు. అది భక్తి అనుకున్నాను. ఉత్త పొగరని తర్వాత తెలిసింది.

సోములు నాకు ఒక్కగానొక్క కొడుకు. మిల్లులో పని చేసేవాడు. నేను వద్దంటున్నా వినకుండా కాంతాన్ని చేసుకున్నాడు. రెండేళ్ళు కాపరం చేసి, భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ పనులకు మనుషుల్ని పోగేసే మేస్త్రీతో, ఎవరి కంటా పడకుండా ఆమదాలవలసలో రైలెక్కి పోయింది ఆ మహాతల్లి. నా కొడుకు దాని మీద చెయ్యెత్తినవాడు కాదు, మాట తూలినవాడు కాదు. ఎందుకు పోయావని నలుగురూ అడిగితే చెప్పుకోడానికి దానికి ఒక సాకైనా లేదు. ఏడాది తిరక్కుండా సోములు జ్వరం పట్టి పోయాడు. నేను తిట్టిన తిట్లకు బలం ఉంటే భిలాయిలో ఆ కొలిమి చల్లారిపోయి ఉండాలి.

వాడు పోయిన మూడేళ్ళకు కాంతం తిరిగొచ్చింది. మేస్త్రీ దాన్ని వదిలేసి ఇంకో ఊరు పోయాడట. చిక్కి సగమై, దగ్గుకుంటూ, వాళ్ళ పిన్ని జగ్గమ్మ వసారాలో పడింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే నా గుమ్మం ముందు నిలబడింది. అత్తా అనలేదు, అమ్మా అనలేదు. తల వంచుకుని ఒక్కటే అడిగింది.

"ఆకర్ని నన్ను తలిసాడా?"

"నేదు" అన్నాను. "నీ పేరే ఎత్తనేదు. ఎల్లు."

వెళ్ళిపోయింది. నేను ఆడినది అబద్ధం. చివరి మూడు రోజులూ నా కొడుకు దాని పేరు తప్ప మరొకటి అనలేదు. పక్కన కూర్చుని తడిగుడ్డ వేసింది నేను, ఒళ్ళు తుడిచింది నేను. వాడు కళ్ళు తెరవకుండా 'కాంతం' అని పిలిచేవాడు. ఒక్కసారి 'అమ్మా' అంటాడేమోనని చెవి నోటి దగ్గర పెట్టుకుని చూశాను. అనలేదు. పారిపోయినదాని మీద నాకున్న కోపంలో సగం అదే. ఆ సంగతి నేను ఇంతవరకూ ప్రార్థనలో కూడా ఒప్పుకోలేదు.

ఆ నెలలోనే కాంతం సంఘం ముందు నిలబడి తన తప్పు ఒప్పుకుంది. మా పాస్టరు ధర్మారావు అయ్యగారు ఆ రోజు తండ్రి ప్రేమ గురించి చెప్పారు. మనం బాగుపడ్డాక ఆయన ప్రేమించడం కాదు, ఆయన ముందే ప్రేమించబట్టి మనం బాగుపడతామన్నారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. ఆ తర్వాత అయ్యగారు, ఈమెను మళ్ళీ సంఘంలో చేర్చుకోడానికి ఇష్టమైనవాళ్ళు చేతులెత్తండి అన్నారు. మా సంఘంలో ఏదైనా అలాగే తేలాలి. ఒక్కొక్క చెయ్యీ లేచింది. తర్వాత అన్ని తలలూ నా వైపు తిరిగాయి. నేనూ ఎత్తాను. ఎత్తకపోతే పద్దెనిమిదేళ్ళ పెద్దరికం ఏం గాను.

ఎత్తిన చేతికి శిక్ష వెంటనే పడింది. కాంతాన్ని ఎవరూ కూలికి పిలవడం లేదు, జగ్గమ్మ చోటిచ్చింది గాని కూడు పెట్టదు గనుక దాని పేరు కూడా బియ్యంలో చేర్చమన్నారు అయ్యగారు. ఆదివారం ఆరాధన అయ్యాక వరసలో చివర వచ్చి కొంగు పట్టింది. దోసిలి నిండా ముంచాను. దాని కొంగు మీదికి వచ్చేసరికి వేళ్ళు కాస్త వదులు చేశాను. వేళ్ళ సందుల్లోంచి బియ్యం జారి మళ్ళీ పెట్టెలోనే పడ్డాయి. ఏడుసార్లూ అంతే. చూసేవాళ్ళకు ఏడు దోసిళ్ళు, కొంగులో పడినవి నాలుగు కూడా ఉండవు. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ అదీ. అది నా వేళ్ళ వైపు చూసింది. కొంగు మూట కట్టుకుని వందనాలు చెప్పి పోయింది. అలా ఎన్ని ఆదివారాలో చెప్పను, సిగ్గేస్తుంది.

ఒకసారైనా నోరు తెరిచి అడిగితే బాగుండునని ఉండేది నాకు. అడిగితే నాలుగు దులిపేద్దును. నీలాంటిదానికి అదే ఎక్కువ అందును. అది అడగలేదు. దాని ఓర్పు చూస్తే నాకు మరీ ఒళ్ళు మండేది.

వానలు పడి ఊడ్పులు మొదలయ్యాయి. రెండు రోజులు నీళ్ళలో నిలబడి నాట్లు వేసి మూడో నాడు జ్వరంతో పడిపోయాను. జగ్గమ్మ వచ్చి, తాళంచెవి ఇవ్వు అప్పా, పెట్టెలోంచి నీకు రావలసిన బియ్యం తెస్తాను అంది. నా ఇంటికి పెట్టె బియ్యం వద్దన్నాను. తాళంచెవి ఉన్న కొంగు నడుం కిందకి దోపుకుని అటు తిరిగి పడుకున్నాను. జగ్గమ్మ తన ఇంట్లోంచే రెండు పూటలు గంజి పట్టుకొచ్చింది. ఊడ్పుల రోజుల్లో ఎవరు మాత్రం ఎన్నాళ్ళు ఇంటిపట్టున ఉంటారు. జ్వరం పట్టిన మూడో రోజు పొద్దున్నే పేటలో ఆడవాళ్ళందరూ పొలాలకు పోయారు. ఊడ్పులకు పిలుపు లేని ఆడమనిషి ఒక్కతే మిగిలింది.

తలుపు తోసుకుని కాంతం వచ్చింది. నేను గోడ వైపు తిరిగాను గాని ఓరకంట చూస్తూనే ఉన్నాను. అది నేరుగా పొయ్యి దగ్గరకు పోయింది. పొయ్యిలో బూడిద ఎత్తింది, పుల్లలు ఎగదోసింది, ఎసరు పెట్టింది. ఆ ఇంట్లో ఏది ఎక్కడుంటుందో దాని చేతులు మరచిపోలేదు. అది చూసి కళ్ళు మూసుకుందామనుకున్నాను గాని మూతపడలేదు. కాంతం కొంగు ముడి విప్పింది. చిన్న మూటలో బియ్యం. వాటిలోంచి ఒక గుప్పెడు తీసి కొబ్బరి చిప్పలో వేసి పక్కన పెట్టింది. మిగిలినవి కడిగి ఎసట్లో పోసింది. మిగిలినవంటే ఎన్ని, అవీ గుప్పెడున్నరే.

నాకు ఉండబట్టలేదు.

"ఆ సిప్పలోవి దేనికే?"

"ఆదివారం పెట్టెలోకి."

"ఆ బియ్యం ఎక్కడివి?"

"నువ్వు కొలిసినవే. నాకు ఇంకెవులిస్తారు."

నేను లెక్క వేసుకున్నాను. నాలుగు దోసిళ్ళు కూడా లేని బియ్యం. వారం సగం దాటింది. అందులోంచి ఎసరు పెట్టినప్పుడల్లా ప్రభువుకు గుప్పెడు తీస్తోంది. అది తీసినవి పెట్టెలోకి వస్తున్నాయి, పెట్టెలోవి నేను జారవిడుస్తున్నాను. నేను అందరికీ పెద్ద దోసిలి పోసి పేరు తెచ్చుకుంటున్న బియ్యంలో దాని పస్తులు కూడా కలిసి ఉన్నాయి. గుడ్డ కప్పిన పెట్టె గనుక ఇన్నాళ్ళూ నాకు కనబడలేదు.

"నీకు తక్కువ కొలిసినాను" అన్నాను, గోడతో అన్నట్టు.

"తెలుసు."

"తెలిసీ ఎందుకు అడగనేదు?"

అది కొంచెంసేపు పొయ్యి ఊదింది. "ఏ మొగం ఎట్టుకుని అడగమంటావు? పెట్టకపోయినా నానేటీ అనలేను. నువ్వు పెట్టినావు. అదే సాలనుకున్నాను" అంది. దెప్పుతున్నట్టు అనలేదు. ఉన్న మాట అన్నట్టు అంది.

గంజి గిన్నెలో వంచి, ఉప్పు వేసి, నా దగ్గరకు తెచ్చింది. తాగితే దానికి ఆ పూట పస్తే. వద్దందామని నోరు తెరిచాను. అప్పుడు తోచింది, ఇంతకాలం నేను ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు, ఆ పైవాడి దగ్గరైనా సరే. పుచ్చుకున్న ప్రతిదానికీ నేనే ఏదో పని చేసి గెలుచుకున్నానని అనుకుంటూ వచ్చాను. ఊరికే ఇస్తే ఎలా తీసుకోవాలో నాకు రాదు. రానిదాన్ని ఇంకొకరికి ఊరికే ఎలా ఇస్తాను? గంజి తాగడానికి ముందు నేను ఇవ్వవలసినది ఒకటి ఉంది. అది బియ్యం కాదు. అది ఇచ్చేస్తే నా కొడుకు చివరి మూడు రోజులూ నావి కాకుండా పోతాయి. అందుకే అంత గట్టిగా పట్టుకున్నాను.

"కూకో" అన్నాను. కూర్చుంది. "ఆ రోజు నాను అబద్దమాడినాను. సోములు నిన్నే పిలిసాడు. మూడు దినాలూ నీ పేరే."

గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. "ఏటని పిలిసాడు?" అంది.

"కాంతం, నీళ్ళు తే అనీవోడు. నాను తెచ్చీదాన్ని. నాను నీళ్ళు పోస్తే నీ పేరు సెప్పుకుని తాగీవోడు. తిట్టనేదు. ఒక్క మాట నిన్ను తిట్టనేదు."

కాంతం గిన్నె కింద పెట్టి, మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చింది. నేను కొంగుతో దాని మొహం తుడుద్దామంటే చెయ్యి లేవలేదు. నేనూ ఏడ్చాను. నా కొడుకు దాన్ని ఏ షరతూ లేకుండా క్షమించి పోయాడు, చదువురాని మిల్లు కూలీ. ఆ క్షమాపణ తెచ్చి ఇవ్వవలసిన మనిషిని నేను, దాన్ని మూడేళ్ళు దాచిపెట్టుకున్నాను. ఏడుపు తగ్గాక అది గిన్నె మళ్ళీ ఎత్తింది.

"సల్లారిపోతాది, తాగత్తా" అంది.

తాగాను. పల్చటి గంజి. నా చేతి పిసినారితనం ఎంత పల్చనో నా నాలుకకే తెలిసింది. సగం తాగి గిన్నె దాని చేతిలో పెట్టి, మిగతాది నువ్వు తాగితే గాని ఒప్పుకోనన్నాను. తాగింది. కొంగు ముడి విప్పి తాళంచెవి దాని ముందు పెట్టాను.

ఆదివారం నాటికి నిలబడే ఓపిక వచ్చింది గాని వంగే ఓపిక రాలేదు. ఇకనుంచి కాంతం కొలుస్తుందని అయ్యగారితో చెప్పాను. సంఘం గుసగుసలాడింది. అయ్యగారు మళ్ళీ చేతులెత్తమన్నారు. ఈసారి ముందు లేచిన చెయ్యి నాదే, ఆ చేతి వెంట మనసు కూడా లేచింది. కొలత మొదలైంది. వరసలో చివర నేను నిలబడ్డాను. జగ్గమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. చూడనీ. మంచాన పడ్డ మనిషికి ఏడు దోసిళ్ళు వస్తాయి, ఆ మనిషిని నేను.

కొంగు పట్టాను. కాంతం వేళ్ళు దగ్గరగా చేర్చి గోపురంగా ముంచింది. ఒక్క గింజ జారలేదు. ఏడు అయ్యాక ఎనిమిదోది ముంచబోయింది. నాకు పాత బుద్ధి ఎక్కడికి పోతుంది.

"ఏడేనే. ఇయి సంగం బియ్యం, మీ పుట్టింటివి కావు" అన్నాను.

మందిరంలో అందరూ నవ్వారు. కాంతం కూడా తల ఎత్తి నవ్వింది. అది తిరిగొచ్చాక దాని నవ్వు చూడటం అదే మొదలు. నా కొడుకు నేను వద్దంటున్నా వినకుండా ఆ నవ్వు చూసే దాన్ని చేసుకున్నాడు. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.