వారానికో గుడ్డ

అత్తగారు పోయాక ఆవిడ నల్లచేవ కర్ర భోజనాల బల్ల ఇంటికి వచ్చిన రోజు కోడలు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి చూసుకుంది. పన్నెండేళ్లు అత్తగారింట్లో ఆ బల్ల మీద అందరికీ వడ్డించింది గానీ, తాను కూర్చుని తిన్నది ఒక్క పూట కూడా లేదు. ఇప్పుడది తనది. అంటే పూర్తిగా కాదు. ఆడపడుచు గుమ్మంలోనే తేల్చి చెప్పింది.

“అమ్మ వస్తువమ్మాయ్. ఆరు నెలలు చూస్తా. సరిగ్గా చూసుకోలేదనుకో, మా ఇంటికి పట్టుకుపోతా.”

కోడలు మర్నాడే పాలిష్ మేస్త్రిని పిలిపించింది. అతను రెండు రోజులు చెమటోడ్చి, బల్లలో మొహం కనబడేలా చేసి, వెళ్తూ వెళ్తూ ఒకే మాట చెప్పాడు.

“వారానికో పొడిగుడ్డ పెట్టండమ్మా, చాలు. నూరేళ్లుంటుంది.”

తుడవమని అతని భావం. కప్పమని ఆమెకు అర్థమయింది. ముందుజాగ్రత్తగా అడుగున పువ్వుల చిల్లులున్న ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద దుప్పటి వేసింది. రెండో వారం ఇంకో దుప్పటి వేసింది. మొదటిది తియ్యమని మేస్త్రి చెప్పలేదు మరి. మూడో వారం పాత చీర, నాలుగో వారం కిటికీ తెర. ఇంటిల్లిపాదీ నేల మీద కూర్చుని తింటూ బల్లకేసి భక్తిగా చూసేవారు.

“ఇదేమైనా చలిజ్వరం మనిషా, ఇన్ని కప్పావు?” అన్నాడు భర్త.

“మీకేం తెలుసు? మేస్త్రి చెప్పాడు.”

“ఇలా పోతే ఏడాదికి ఫ్యాను తగులుద్దే!”

వానలు పట్టుకున్నాయి. ఉతికిన బట్టలు ఆరక, ఆ వారం వంతు దుప్పటి చెమ్మగానే బల్ల మీదికెక్కింది. ఆ తరవాతి వారం వంతుదీ అంతే.

ఆరు నెలలు నిండిన రోజు పొద్దున్నే ఆడపడుచు దిగింది. వీధిలో వ్యాను, వ్యానులో ఇద్దరు కూలీలు.

“చూడ్డానికి వస్తూ వ్యానెందుకక్కా?” అన్నాడు భర్త.

“నువ్వూరుకోరా. బల్ల ఏదమ్మాయ్?”

“ఇదే వదినా.”

“ఇది బల్లా, చాకలి మూటా?”

కోడలు ఒక్కో గుడ్డే తీసింది. తీసేకొద్దీ ముక్కిపోయిన వాసన. చివరికి ప్లాస్టిక్ షీటు లేపేసరికి ముగ్గురూ బల్ల మీదికి వంగారు. షీటుకి ఎక్కడెక్కడ చిల్లు ఉందో అక్కడల్లా చెమ్మ దిగి పాలిష్ తెల్లబడింది. నల్లటి బల్ల నిండా తెల్లటి పువ్వులు, వరసగా, ముగ్గేసినట్టు.

“తీసుకెళ్లండి వదినా, నాకు చేతకాలేదు” అంది కోడలు.

ఆడపడుచు బల్ల చుట్టూ తిరిగి, ఒక పువ్వును గోటితో గీకి, మూతి విరిచింది.

“దీన్ని నేనేం చేసుకోను? మా హాల్లో వేస్తే వచ్చినవాళ్లు నవ్వరూ? కొత్త కుర్చీలు కూడా కొనేశాను దీనికోసం, నా ఖర్మ! నువ్వే ఉంచుకో తల్లీ. ఇక దీని ఊసు నా దగ్గరెత్తకండి.”

“నిజంగానా వదినా?”

“ఒట్టు. కావాలంటే మీ ఆయనే సాక్షి.”

కాఫీ అయినా తాగకుండా విసవిసా మెట్లు దిగిపోయింది.

కోడలు బల్లమీద తల ఆన్చి ఏడవసాగింది. దుఃఖమో సంతోషమో ఆమెకే తెలియలేదు. ఓదార్చడం చేతగాని భర్త పక్కనే నిలబడి, అప్పుడే తలకు నూనె రాసుకున్న చేత్తో ఊరికే ఒక పువ్వును రుద్దుతూ ఉండిపోయాడు. రుద్ది రుద్ది, ఒక్కసారిగా వంగి చూశాడు.

“ఒసేవ్! ఇది పోతోందే! నూనెకి శుభ్రంగా పోతోంది, చూడు! అక్కా...”

ఆమె ఒక్క ఉదుటున లేచి అతని నోరు మూసేసింది.

“అరవకండి! వ్యాను ఇంకా మలుపు తిరగలేదు.”