మూత పెట్టే చెయ్యి

వేసవి తొలి రోజు పండగైనా సరే, టాంగ్వెన్ తెల్లవారకముందే లేచి ఓట్స్ పిండి రొట్టెలు కాల్చి, గొర్రెల పాలు పితికి, బావి దగ్గరకు పరుగెత్తింది. కొండ కింది ఆ పవిత్రమైన బావికి ఆమె పుట్టింటి ఆడవాళ్లే తరతరాల కాపలా. పొద్దున్నే మూత తీయాలి, వచ్చిన రోగులకు తన చేత్తో నీళ్లందించాలి, పొద్దుగూకగానే మళ్లీ మూత పెట్టాలి. ఇంకొకరి చేతి నీళ్లు పనిచేయవట. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. పక్క లోయలో చెల్లెలు పోతే కడసారి చూపుకైనా వెళ్లలేకపోయింది.

ఇల్లరికం వచ్చిన మొగుడు ఇథెల్‌కు మాత్రం బల్ల మీద కూర్చుని, వచ్చినవాళ్లకు కథ చెప్పడమే పని. పూర్వం ఒక కాపలామనిషి మూత పెట్టడం మరిచిందట, బావి పొంగి ఊళ్లకు ఊళ్లే మునిగాయట. చివర్లో “ఆడదాని మతిమరుపు, ఏం చేస్తాం చెప్పండి” అని నవ్వుతాడు. ఆ నవ్వుకు మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. ఇప్పుడు మండడానికి కూడా ఓపిక లేదు.

కూతురు జెనెరిస్‌కు పన్నెండేళ్లు నిండాయి. ఈ రోజు ఊరందరి ముందు టాంగ్వెన్ తన తర్వాతి కాపలా అప్పగిస్తూ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని “నా చెయ్యి నీకిచ్చాను” అనాలి. ఆ మాట అన్నాక పిల్ల ఇక ఒక్క రాత్రి కూడా ఆ ఇల్లు దాటి పడుకోకూడదు.

పొద్దున రొట్టె తింటూ పిల్ల అడిగింది: “అమ్మా, ఆ రోజు ఆవిడ మరిచిపోయింది సరే. ఇంట్లో మిగతావాళ్లంతా ఏం చేస్తున్నారు?”

వందలసార్లు విన్న కథే, తనకీ ప్రశ్న ఎందుకు తట్టలేదో అనుకుని టాంగ్వెన్ సిగ్గుపడింది.

మధ్యాహ్నానికి జనం చేరారు. కానిమ్మని ఊరిపెద్ద మెయిరిగ్ తొందరపెట్టాడు. కూతురి చెయ్యి వెచ్చగా, మెత్తగా ఉంది. చన్నీళ్లలో నానీ నానీ పగిలిన తన వేళ్ల మధ్య ఆ చేతిని చూసి టాంగ్వెన్ వదిలేసింది.

“నేననను మామా,” అంది నెమ్మదిగా. “నా చెయ్యి నాది. దాని చెయ్యి దానిది.”

నలుగురిలో పరువు తీస్తున్నావని ఇథెల్ పళ్లు కొరికాడు. ఆమె అటు చూడనేలేదు.

మెయిరిగ్ మొహం పాలిపోయింది. “మరి నీ తర్వాత మూత ఎవరు పెడతారమ్మా? ఊరు మునిగిపోదూ?”

“నా తర్వాత దాకా ఎందుకు మామా, ఈ సాయంత్రమే పెట్టాలి. ఇంతమంది ఉన్నారు, మీకూ చేతులున్నాయిగా,” అంటూ టాంగ్వెన్ కూతురిని తీసుకుని చెల్లెలి ఊరి దారి పట్టింది.