నలభై మూడు తప్పులు

"మిక్సీ ఆపు కరుణా, రైలు చప్పుడు వినపడట్లేదు" అన్నాడు మా ఆయన జీవన్ హాల్లోంచి. ఆపాను. "పచ్చడేదమ్మా, ఇడ్లీ చల్లారిపోతోంది" అన్నారు మా అత్తయ్య దానమ్మగారు. మళ్ళీ వేశాను. "ఐదు నిమిషాలు ఓపిక పట్టలేవా?" అని అతను. "వాడు ఉత్త ఇడ్లీ తింటాడా?" అని ఆవిడ. "అయితే రైలన్నా ఆపమనండి, ఇడ్లీ అన్నా మానమనండి" అన్నాను. "పొద్దున్నే మొదలెట్టింది" అన్నాడు జీవన్, కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండానే.

జీవన్ ఇక్కడే తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఇంటికొస్తే కంప్యూటర్‌లో రైలు నడుపుతాడు. ఈ మధ్య ఒక చిన్న కంపెనీ తెనాలి–రేపల్లె లైనుతో ఆట తయారుచేసింది. అమ్మకానికి పెట్టేముందు, తప్పులుంటే చెప్పమని కొందరికి ఇచ్చింది. అతను ఆడుతుంటే నేను చిక్కుడుకాయలు వొలుస్తూ చూసేదాన్ని. చూస్తూ ఊరుకోలేకపోయాను. తొమ్మిది పెట్టెల బండి తెనాలిలో ఆటోలా ఎగిరి కదులుతుంది. పెట్టెల్లో జనం నిండినా, ఖాళీగా ఉన్నా ఒకే దూరంలో ఆగుతుంది. వేమూరు దాటాక చక్రాలు పట్టాలకి జానెడు ఎత్తున తేలుతాయి. భట్టిప్రోలు దగ్గర గేదె ఇంజనులోంచి దూరి అవతలికి పోతుంది. గేదె సంగతి జీవన్ కూడా పట్టాడు, నవ్వాడు. మిగతావి పట్టలేదు. నేను నోట్సులో ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను. నలభై మూడు అయ్యాయి.

మా నాన్న శాలేమురాజు రేపల్లె పాసింజరు డ్రైవరు. బాపట్లలో బీఎస్సీ చదివిన మూడేళ్ళూ నేను రోజూ రైల్లోనే వెళ్ళొచ్చాను. పుస్తకంలో చదివిన ఫిజిక్సు అన్నాల దగ్గర ఆయన నోట వినేదాన్ని. బ్రేకు ఒకసారి వేసి వదిలాక గొట్టంలో మళ్ళీ గాలి నిండాలమ్మా, నిండకుండా వేస్తే బండి నీ మాట వినదు, స్టేషను దాటిపోతుంది అనేవారు. ఆటలో ఆ గాలి లేదు. ఎన్నిసార్లు వేసినా అంతే గట్టిగా పడుతుంది. అది నా పదిహేడో తప్పు. నోట్సు చూసి "భలే పట్టావే" అన్నాడు జీవన్. తీసుకెళ్ళి తన పేరుతో పంపాడు. చెప్పి పంపాడా, చెప్పకుండానా అంటే, చెప్పాడు. "ఆట నా పేరు మీదే కదా ఉంది, ఎవరి పేరైతే ఏంటి" అన్నాడు. నేనూ అప్పుడు అంతేగా అనుకున్నాను. అనుకున్నాక రెండు వారాలపాటు గిన్నె తోముతున్నా, బట్ట ఆరేస్తున్నా ఆ మాట గొంతులో చేపముల్లులా కదులుతూనే ఉంది. జాబితా వాళ్ళకి బాగా నచ్చిందట. ఆటలో పేరు వేస్తారట. ఇంట్లో కూర్చునే తెనాలి–బాపట్ల లైను కూడా సరిచూసే పని ఇస్తారట. ఈ రోజు రెండో శనివారం. కాలేజీ లేదు. పదింటికి వీడియోలో మాట్లాడతామన్నారు.

పదింటికి జీవన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నేను వంటింట్లో చేపలు కడుగుతున్నాను. అవతల కుర్రవాడి గొంతు మర్యాదగా ఉంది. "సార్, బ్రేకు వదిలి వెంటనే మళ్ళీ వేస్తే ఏమవ్వాలండి?"

జీవన్ దగ్గాడు. "ఇంకా గట్టిగా పడాలి కదండి."

"మీరు రాసింది వేరుగా ఉంది సార్. తక్కువ పడాలన్నారు."

"ఒక్క నిమిషం" అని జీవన్ మైకు ఆపేసి, "కరుణా, ఆ గాలి గొడవేంటి?" అన్నాడు. చేతులు నీచు వాసన వేస్తుంటే గుమ్మంలో నిలబడి చెప్పాను. అతను అదంతా తనకే తెలిసినట్టు వాళ్ళకి అప్పజెప్పాడు. కుర్రవాడు సంతోషపడ్డాడు. "మీరు రైల్వేలో చేశారా సార్?"

"మా మామగారు డ్రైవరండి. ఆయన పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పారు."

మా నాన్న మా పెళ్ళికి రెండేళ్ళ ముందే పోయారు. జీవన్ ఆయన్ని చూసింది ఫొటోలోనే.

నోట్సు తీసుకుంటే పోనీలే అనుకున్నాను. అన్నాల దగ్గర నాకు చెప్పిన మా నాన్నని కూడా తీసేసుకున్నాడు. పొయ్యి మీద పులుసు మరుగుతోంది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. ఆట మొదటి తెర మీద వాళ్ళ మెయిల్ అడ్రసు ఉంటుంది. అది నాకు నోటికొచ్చు. బియ్యం ఉడికేలోపు ఫోన్లో వాళ్ళకి రాసేశాను. మూడుసార్లు చదువుకున్నాను. పంపాక దొడ్లోకి, వంటింట్లోకి ఊరికే తిరిగాను.

మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. జీవన్ హుషారుగా ఉన్నాడు. "పని నాకే ఇస్తారమ్మా, ఖాయం" అన్నాడు వాళ్ళమ్మతో.

"ఏమండి, ఆ నలభై మూడూ పట్టింది నేనని వాళ్ళకి రాశాను" అన్నాను. "నోట్సు పేజీలు ఫొటోలు తీసి పెట్టాను. మా నాన్నని మీరెప్పుడూ చూడలేదని కూడా రాశాను."

ముద్ద అతని చేతిలోనే ఉండిపోయింది. "నా పరువు తీశావు కదే. మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏంటి?"

"నేనూ అదే అంటున్నాను. నా పేరు వేస్తే మీకేం?"

"ఆ పనే వస్తే ఇల్లెవరు చూస్తారమ్మా?" అన్నారు అత్తయ్య.

"సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కంప్యూటర్ ముందు నేనుంటాను అత్తయ్యా. ఆ మూడు గంటలూ మీ అబ్బాయి చూస్తారు."

జీవన్ నవ్వబోయాడు. "వాళ్ళు నీకివ్వకపోతే?"

"ఇవ్వకపోయినా, నేను రాసింది ఇక మీకివ్వను" అన్నాను.